దువ్విన ఇసుక

తారు ఆగి ఇసుక మొదలయ్యే చోట బునోక్ కూడా ఆగిపోయింది. చెప్పుల కొసలకీ ఇసుకకీ మధ్య జానెడు దూరం ఉంది. ఎదురుగా మాంగ్‌సాంగ్ తీరం జూలై ఎండలో మెరిసిపోతోంది. ఒడ్డు దగ్గర నీళ్ళు లేతాకుపచ్చగా, కొంచెం అవతల నీలంగా, ఇంకా అవతల పేరు పెట్టడానికి వీల్లేని మరో నీలంగా ఉన్నాయి. చెల్లెలు దొక్సిమ్ అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని సగం దూరం వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అక్కా, రా! ఎంతసేపు నిలబడతావ్ అక్కడ?"

"నాకిక్కడ బానే ఉంది. నువ్వెళ్ళి చూసిరా."

"అక్కణ్ణుంచి ఏం కనపడుద్ది నీకు?"

"అంతా కనపడుతోంది. నువ్వు కూడా కనపడుతున్నావ్, ఊరగాయ జాడీలాగా."

నిన్న పొద్దుటి నుంచి ఇది ఐదో తీరం. అరవై మూడేళ్ళ బునోక్ ఏ ఒక్కదాంట్లోనూ కాలు దించలేదు. ఒకచోట మోకాలు నొప్పి అంది. ఒకచోట ఎండ అంది. ఇంకోచోట సాక్సులు పాడవుతాయంది. పోనీ ఇష్టం లేకనా అంటే అదీ కాదు. ఆ తారు అంచున నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంది, కళ్ళార్పడం మర్చిపోతుంది, లారీ ఎక్కాక కూడా మెడ తిప్పి చూస్తూనే ఉంటుంది. అంత ప్రేమ ఉన్న మనిషి నాలుగడుగులు ఎందుకు వెయ్యదో ఎవరికైనా చిత్రంగా ఉంటుంది. దొక్సిమ్‌కి మాత్రం కారణం తెలుసు. తెలుసు అనుకుంటోంది. తెలిసే ఈ ప్రయాణం పెట్టింది.

దొక్సిమ్‌కి ఈ ఏడు అరవై నిండాయి. పిల్లలు విమానం టికెట్లు కొంటామన్నారు, పెద్ద హోటల్లో విందు చేస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నాకు నా లారీ, మా అక్క, సముద్రం పక్కన పోయే ఏడో నంబరు రోడ్డు చాలు," అంది. లారీ అంటే నిజంగా లారీయే. నీలం రంగు చిన్న బండి. పందొమ్మిదేళ్ళుగా వొన్‌జు వీధుల్లో దాని మీదే టోఫు అమ్ముతోంది. పైకప్పు మీద మైకు, అందులో ఆమె గొంతే. దాని మీట వదులైపోయి చాన్నాళ్ళయింది. గతుకు తగిలితే చాలు, దానంతటదే మొదలెడుతుంది. మాంగ్‌సాంగ్ నుంచి బయల్దేరుతుంటే అదే జరిగింది. "టోఫు వచ్చింది, వేడి వేడి టోఫు, ఇప్పుడే దింపిన టోఫు!" అని తీరమంతా మోగింది. పెళ్ళి ఫోటోలు తీయించుకుంటున్న జంట ఉలిక్కిపడి విడిపోయింది.

"ఆపవే, పరువు తీస్తున్నావ్!" అని బునోక్ సీటులో కిందికి జారిపోయింది. ఆ తర్వాత పది కిలోమీటర్ల దాకా ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

నవ్వుతున్నా దొక్సిమ్ గుండెలో ఒక రాయి ఉంది. అది ముప్పై ఆరేళ్ళుగా ఉంది.

వాళ్ళు పుట్టిన ఊరు కమ్‌బావి, ఈ రోడ్డుకి ఉత్తరపు కొసన. వాళ్ళ చిన్నప్పుడు ఊరికీ సముద్రానికీ మధ్య రెండు నిలువుల ఎత్తు ఇనప కంచె ఉండేది. చేపల పడవలు రేవు గేటు నుంచి కాగితాలు చూపించి వెళ్ళేవి. ఇసుక జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. పొద్దుగుంకే వేళ సైనికులు కంచె లోపలికి దిగి, పళ్ళున్న పెద్ద దంతె లాగుతూ ఆ ఇసుకనంతా ఈ చివర నుంచి ఆ చివరకి దువ్వేవాళ్ళు. తెల్లారగానే వచ్చి చూసేవాళ్ళు. ఉత్తరాన సరిహద్దు అవతలి శత్రుదేశం నుంచి ఎవరైనా దొంగతనంగా పడవలో వచ్చి దిగితే ఆ దువ్విన ఇసుక మీద అడుగులు పడతాయి కదా. అందుకని కమ్‌బావి పిల్లలకి సముద్రం అంటే కంచె కన్నాల్లోంచి ముక్కలు ముక్కలుగా కనిపించే నీలం. ఇసుక అంటే తల దువ్వించుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పడుకున్న ఏదో పెద్ద ప్రాణి.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో ఒక తెల్లవారుజామున ఆ ఇసుక మీద అడుగులు కనిపించాయి. చిన్న అడుగులు. అదీ వరస ఒక్కటే: నీళ్ళలోంచి పైకి, ఊరి వైపు. వెళ్ళిన అడుగులు లేవు, వచ్చిన అడుగులే ఉన్నాయి. సముద్రంలోంచి ఎవరో నడిచొచ్చినట్టు. ఊరు ఊరంతా బిక్కచచ్చిపోయింది. సార్జంటు చీపురు పుల్ల ఒకటి ఆ అడుగు పొడవుకి తుంచి, పట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. వాకిట్లో పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పాదం పక్కన పుల్ల పెట్టి చూడసాగాడు. వీళ్ళ వాకిట్లోకి రాగానే తొమ్మిదేళ్ళ బునోక్ ముందుకొచ్చి, "అవి నావే" అంది.

దొక్సిమ్‌కి అప్పుడు ఆరేళ్ళు. ఆ రోజు గురించి ఆమెకి ఒక్కటే గుర్తుంది. దుమ్ములో అక్క పాదం, దాని పక్కన పుల్ల, అక్క కాలివేళ్ళు లోపలికి ముడుచుకుని ఉండటం. చీమ కుట్టిందేమో అనుకుంది.

దొక్సిమ్ పెళ్ళికి ముందురోజు దుప్పట్లు కుడుతూ అమ్మ అసలు సంగతి చెప్పింది. "అవి దాని కాళ్ళు కాదే. నీవి. వాగులోంచి కంచె కింద దూరి వెళ్ళావ్. వాగు నీళ్ళల్లో నడిచావ్ కాబట్టి వెళ్ళిన గుర్తులు లేవు. వచ్చేటప్పుడు మాత్రం ఇసుక మీద తిన్నగా నడిచొచ్చేశావ్ మహాతల్లివి. పుల్ల కన్నా దాని పాదం పెద్దది. అందుకే వేళ్ళు ముడుచుకుంది." నాన్న రెండు రోజులు చౌకీలో కూచుని రావలసి వచ్చింది. అమ్మ బునోక్ వీపు మీద చీపురు విరగ్గొట్టింది. సార్జంటేమో, నెల రోజుల పాటు రోజూ సాయంత్రం కంచె బయట నిలబడి ఇసుక దువ్వడం చూడమని బునోక్‌కి శిక్ష వేశాడు. పందొమ్మిదో ఏట ఆమెని కనుమ అవతల కొండల్లోకి ఇచ్చి చేశారు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని దొక్సిమ్ తేల్చుకుంది: నా కాళ్ళ వల్ల మా అక్కకి సముద్రం లేకుండా పోయింది.

బునోక్ కాపరం కొండ మీద చేపలు ఎండబెట్టే దొడ్లో గడిచింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆమె సముద్రాన్ని వదిలి వెళ్ళినా చేపలు ఆమెని వదల్లేదు. చలికాలం రాగానే లారీల్లో కొండెక్కి వచ్చేవి. నీళ్ళు గడ్డకట్టే చలిలో, వేళ్ళు పగిలి నెత్తురు వస్తుంటే, ఇరవై చేపలకొక దండ కట్టి దుంగల పందిళ్ళకి వేలాడదీసేది. చేప రాత్రి గడ్డకట్టి పగలు కరిగి, మళ్ళీ గడ్డకట్టి మళ్ళీ కరిగి, నాలుగు నెలలకి పసుప్పచ్చగా తేలుతుంది. మంచు తక్కువైనా, గాలి మారినా సరుకు పాడైపోతుంది. భర్త పోయాక ఆ దొడ్డి మొత్తం ఒక్కతే నడిపింది, ఇద్దరు కొడుకుల్ని పెంచింది.

ఆమెకొక అలవాటు ఉంది. రోజూ సాయంత్రం దొడ్డి వాకిలంతా కర్ర దంతెతో దువ్వుతుంది. వేసవిలో దుమ్ము, చలికాలంలో మంచు. తెల్లారాక కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి చదువుతుంది: ఇదిగో పిల్లి, ఇదిగో ఉడత, ఇదిగో కాకి, ఇవి మా కోడలి జోళ్ళు, వాళ్ళ అమ్మకి ఫోన్ చేసుకోవడానికి గోడ వెనక్కి వెళ్ళింది. ఆ కోడలు అత్తగారి దగ్గర ఏదీ దాచదు. దాచి లాభం లేదని ఆ పిల్లకి మొదటి నెలలోనే తెలిసిపోయింది.

ఈ వసంతంలో కమ్‌బావి కంచె తీసేశారని దొక్సిమ్ విన్నది. అప్పుడే నిశ్చయించుకుంది. అక్కని తీసుకెళ్ళి ఆ ఇసుకలో నడిపించాలి, ఆ నీళ్ళల్లో నిలబెట్టాలి, క్షమించమని అడగాలి. దొడ్డి వదిలి బునోక్ కొండ దిగడం పదేళ్ళలో ఇదే మొదటిసారి. ఇప్పుడు కాకపోతే ఇక కాదు.

మధ్యాహ్నం క్యోంగ్‌పో దగ్గర భోజనానికి ఆగారు. అక్కడ సోయా పాలల్లో సముద్రపు నీళ్ళు పోసి టోఫు విరగ్గొడతారు. దొక్సిమ్ పనిమంతురాలి కంటితో గిన్నెలో చూసి, "ఎంత మెత్తగా విరిగిందో, నాకెప్పటికీ రాదిది," అంది. బునోక్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

"ఏంటి, వేడా?"

"కాదు. సముద్రం తింటున్నానని చూసుకుంటున్నా."

తిన్నాక పైన్ చెట్ల నీడలో, ఇసుకకి ఇవతలే, ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు పట్టుకుని కూచున్నారు. తీరం నిండా అడుగులు. బునోక్ పొత్తు కొరుకుతూ వేలు చూపించింది.

"అదిగో, అతను బిడ్డని ఎత్తుకుని నడిచాడు. మడమలు చూడు, ఎంత లోతుగా దిగాయో. ఇక్కడ దించాడు. చూడు, అడుగు తేలికైపోయింది. పక్కన చిట్టి పాదాలు మొదలయ్యాయి. ఆ పిల్లకి నీళ్ళంటే భయం. ఇదిగో వెనక్కి పరిగెత్తింది. మళ్ళీ ఎత్తుకున్నాడు."

దొక్సిమ్ పొత్తు కొరకడం ఆపేసింది. ఆమెకి కనిపించింది తొక్కేసిన ఇసుక మాత్రమే. అక్క చెప్పాక ఆ తండ్రీ ఆ బిడ్డా కళ్ళ ముందు నడిచి వెళ్ళినట్టే ఉంది. "నువ్వు మనిషివా, ఇంకేమన్నానా?" అంది.

"నెల రోజులు శిక్ష వేశారు కదే నాకు. ఊరికే పోద్దా?" అని బునోక్ నవ్వింది. ఆ నవ్వుకి దొక్సిమ్ గుండెలో రాయి ఇంకొంచెం కిందికి దిగింది.

ఆ రాత్రికి నక్సాన్‌లో ఒక చిన్న సత్రంలో పడుకున్నారు. తెల్లారి దొక్సిమ్ లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. బయటికి పరిగెత్తింది.

సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి పైకి వస్తున్నాడు. సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రగా కాగిపోతోంది. పర్యాటకులు రాకముందే చెత్త ఏరడానికి ట్రాక్టరు ఒకటి దంతె కట్టుకుని ఇసుకనంతా దువ్వి పెట్టింది. ఆ గీతల మీద ఎండ ఏటవాలుగా పడి, కనుచూపు మేర చాళ్ళు చాళ్ళుగా వెలుగుతోంది. ఆ అంచున బునోక్ కొయ్యబారి నిలబడి ఉంది. చౌకీలో సైనికుడికి చూపించినట్టు, రెండు చేతుల్తోనూ గుర్తింపు కార్డు ముందుకి చాపి పట్టుకుంది. ట్రాక్టరు నడిపే మనిషి ఇంజను ఆపి బుర్ర గోక్కుంటున్నాడు.

"పెద్దమ్మా, కార్డు నాకెందుకు చూపిస్తున్నారు?"

"రాత్రి ఎవరన్నా దిగారా బాబూ?"

"ఎక్కడ దిగడం?"

"నీళ్ళలోంచి."

అతను సముద్రం వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "పీతలు దిగుంటాయి పెద్దమ్మా. మీరు హాయిగా వెళ్ళి నడవండి."

"ఇంత నున్నగా దువ్వావ్. తొక్కితే పాడైపోద్దిగా."

"తొక్కడానికే కదా దువ్వేది!"

బునోక్ ఆ మాట విని అతని మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. తన జీవితంలో ఇంత వింత మాట ఎవరూ అనలేదన్నట్టు చూసింది. కార్డు మెల్లగా సంచిలో పెట్టుకుంది. దొక్సిమ్‌కి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి అక్క చెయ్యి పట్టుకుని లారీ దగ్గరికి తీసుకొచ్చింది.

మిట్టమధ్యాహ్నానికి కమ్‌బావి చేరారు. కంచె లేదు. దాని గుంజలు నాటిన సిమెంటు మొద్దులు మాత్రం పళ్ళూడిన చిగుళ్ళలా వరసగా మిగిలి ఉన్నాయి. వాటి అవతల తెల్లటి ఇసుక, దాని అవతల సముద్రం. ఒక్క ముక్క. కన్నాలు లేవు, ముక్కలు లేవు. ఈ కొండరాయి దగ్గర మొదలై ఆ కొండరాయి దాకా ఒక్కటే సముద్రం, ఎండంతా మోస్తూ, ఊపిరి తీసుకుంటున్నట్టు లేస్తూ పడుతూ ఉంది.

బునోక్ లారీ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంత పెద్దదా ఇది?"

"ఇంత పెద్దదే అక్కా."

"మనింటి ముందే ఇంతది ఉందంటే..."

బునోక్ సిమెంటు మొద్దుల దాకా వెళ్ళి, అలవాటు ప్రకారం ఇవతలే ఆగింది. దొక్సిమ్ ఇక ఆగలేకపోయింది. దార్లో వందసార్లు వరస పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. అక్క ముందు నిలబడి, చిన్నపిల్లలా ముక్కు చీదుతూ, "అవి నా కాళ్ళక్కా," అంది.

"ఏ కాళ్ళు?"

"అప్పటివి! పుల్ల పెట్టి కొలిచినవి. నా వల్ల నువ్వు దెబ్బలు తిన్నావ్. నా వల్లే నిన్ను కొండల్లోకి పంపేశారు. నా వల్లే నువ్వు ఇసుకలో కాలు పెట్టట్లేదు. నన్ను కాపాడబోయి..."

బునోక్ చెల్లెలి మొహం వైపు చూసి, ఫక్కున నవ్వేసింది.

"నీ కాళ్ళని నాకు తెలీదా? ఆ పొద్దున వాటికున్న ఇసుక కడిగింది నేనేగా! ఎన్నేళ్ళ నుంచి ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావ్, పిచ్చి మొహమా?"

"ముప్పై ఆరు."

"ఇంకా నయం. ఒసేయ్, కొండల్లోకి పంపలేదే నన్ను, నేనే వెళ్ళాను. మీ బావ అందంగా ఉండేవాడు. మరిచిపోయావా?" అని, ఒక మొద్దు మీద కూచుని చెల్లెల్ని పక్కకి లాక్కుంది. "కాపాడబోయానంటావ్. అంత మంచిదాన్ని కాను. కుళ్ళు నాకు."

"కుళ్ళా?"

"మరి? నాకు తొమ్మిదేళ్ళు. పుట్టిన కాణ్ణుంచి కంచె పట్టుకుని వేలాడుతున్నాను. నువ్వేమో ఆరేళ్ళ బుడంకాయవి, వాగులోంచి దూరిపోయి సముద్రం చూసొచ్చావ్! కాళ్ళు కడుగుతూ నిన్నడిగాను, ఎట్టా ఉందే అని. నువ్వేం చెప్పావో గుర్తుందా?"

దొక్సిమ్ తల అడ్డంగా ఊపింది.

"'నీళ్ళ దగ్గర నిలబడితే, కాళ్ళ కింద నేల నడిచెళ్ళిపోద్దక్కా' అన్నావ్. నాకు ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడే ఆ సార్జంటు పుల్ల పట్టుకుని వచ్చాడు. ఆ అడుగులు నావైతే ఎంత బాగుణ్ణు అనిపించింది. నావే అనేశాను. అంతే! ఆ రోజు నుంచి ఊళ్ళో నేనెవర్ని? సముద్రం దాకా వెళ్ళొచ్చిన పిల్లని. బడిలో పెద్ద మొగపిల్లలు కూడా నా చుట్టూ మూగేవాళ్ళు. ఎట్టా ఉందే, ఎట్టా ఉందే అని. నేల నడిచెళ్ళిపోద్ది అని చెప్పేదాన్ని. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. శిక్ష అంటావా, నెల రోజులు సాయంత్రం పూట కంచె పక్కన నిలబడి చూడమన్నాడు. అది శిక్షేంటే? నాకు పండగ!"

ఒక నిమిషం సముద్రం వైపు చూసింది.

"కొండ మీదికొచ్చాక కూడా అదే చెప్పాను. మీ బావకి చెప్పాను. దొడ్లో ఆడవాళ్ళకి చెప్పాను, చలికి చేతులు పనిచెయ్యనప్పుడు మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాళ్ళు. పిల్లలకి చెప్పాను, మనవలకి చెప్పాను. యాభై నాలుగేళ్ళు చెప్పానే. చూసింది నేను కాదు. ఆరేళ్ళ పిల్ల మాట. దిగి చూశాక అట్టా లేదనుకో, ఇంతమందికీ, పోయిన ఆ మనిషికి కూడా, అబద్ధం చెప్పినదాన్ని అయిపోతాను. అందుకే దిగను. నీ వల్ల కాదు."

ముప్పై ఆరేళ్ళుగా మోసిన రాయి ఏమైందో దొక్సిమ్‌కి తెలియలేదు. దాని స్థానంలో ఇంకేదో, అంతకన్నా చాలా పెద్దది, గుండె నిండా వచ్చి కూచుంది. అక్కకి సముద్రం లేకుండా చేశానని తాను కుమిలిపోయింది. ఆ అక్కేమో ఒక్క వాక్యంతో ఒక సముద్రాన్ని కట్టుకుని కొండెక్కించి, గడ్డకట్టే చలిలో పదిమందికి పంచిపెట్టింది. ఈ మనిషి పక్కన లారీలో రెండు రోజులుగా టోఫు గురించీ కూరల గురించీ మాట్లాడుకుంటూ వచ్చానా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది.

నేల నడుస్తుందో లేదో దొక్సిమ్‌కి తెలుసు. మొన్నటి నుంచి ప్రతి తీరంలోనూ నీళ్ళలో నిలబడుతూనే ఉంది. కానీ చెప్పలేదు. ఒకసారి చెప్పిన మాట చాలు.

"దిగి చూసుకో అక్కా," అంది.

బునోక్ వంగి చెప్పులు విప్పింది. సాక్సులు విప్పి మడిచి చెప్పుల్లో పెట్టింది. గాలి నున్నగా చేసి ఉంచిన ఇసుక మీద కుడికాలు మోపింది, ఎడమకాలు మోపింది. నాలుగడుగులు వేసి ఆగి, ఎప్పటి అలవాటో, వెనక్కి తిరిగి తన అడుగులు చదువుకుంది. మడమలు ఉన్నాయి, అరిపాదాలు ఉన్నాయి. వేళ్ళు లేవు. వేళ్ళున్న చోట ఇసుక గోళ్ళతో గీరినట్టు గుంట పడి ఉంది.

"చూడవే, ఇంకా ముడుచుకునే ఉన్నాయి," అంది చిన్న గొంతుతో.

"ఇక్కడ ఎవరూ కొలవట్లేదు అక్కా."

బునోక్ కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, వేళ్ళు చాపింది. తర్వాతి అడుగులో అయిదూ పడ్డాయి. దొక్సిమ్ ఆ అడుగు పక్కనుంచి జాగ్రత్తగా, దాన్ని తొక్కకుండా నడిచింది.

తడి ఇసుక దగ్గర ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. అల వచ్చింది, చీలమండల దాకా చల్లగా చుట్టుకుంది. బునోక్ కెవ్వుమంది. అల ఒక్క క్షణం ఆగి వెనక్కి మళ్ళింది. మళ్ళుతూ మళ్ళుతూ మడమల కింది ఇసుకని కొంచెం కొంచెంగా తనతో తీసుకుపోసాగింది. బునోక్ తూలి చెల్లెలి భుజం పట్టుకుంది. కిందికి చూసింది. రెండో అల వచ్చి వెళ్ళింది. మూడోది వచ్చి వెళ్ళింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు.

"నడుస్తోందే," అంది. "నడిచెళ్ళిపోతోందే నేల!" చెల్లెలి చెంపలు రెండు చేతుల్లోకీ తీసుకుంది. పగిలి మానిన ఆ వేళ్ళు గరుకుగా, చల్లగా ఉన్నాయి. "ఆరేళ్ళదానివి... ఉన్నదున్నట్టు చెప్పావే తల్లీ!"